బేలర్ విడిభాగాలను ఒక సీజనుకు సిద్ధం చేసిన నా అనుభవం

వరి గడ్డిని గుండ్రటి కట్టలుగా కట్టే బేలర్లు తయారు చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. హైదరాబాదు శివారు పారిశ్రామికవాడలో మా షెడ్డు. సర్వీసు ఫోను ఎత్తడం, మెకానిక్‌లను పంపడం, వారంటీ కాగితాలు చూడడం 2025 మే దాకా నా పని. జూన్ 2న విడిభాగాల బాధ్యత కూడా నా నెత్తిన పెట్టారు. డిసెంబరు ఆఖరుతో ఒక పూర్తి సీజను గడిచింది. ఇలాంటి కంపెనీల్లో ఈ పని తగులుకునేవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు. లోపల నిజంగా ఏం జరుగుతుందో వాళ్ళకు ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

నాకు అప్పగించడానికి కారణం అంతకుముందు గడిచిన యాసంగి. కోత యంత్రం పొలం దాటాక గడ్డి ఎత్తడానికి ఎన్నో రోజులు ఉండవు. అకాల వాన పడితే నల్లబడుతుంది, పక్క పొలంలో ఎవరైనా నిప్పు పెడితే అంటుకుంటుంది. బేలర్ కొన్న రైతు ఏడాది మొత్తంలో సంపాదించేది రెండు సీజన్లలోని ఆ కొద్ది వారాలే. ఏప్రిల్ రెండో వారం నుంచి మా సర్వీసు ఫోను ఒక్క నిమిషం ఊరుకోలేదు.

సూర్యాపేట జిల్లా నుంచి ఒక రైతు గేర్‌బాక్సు పగిలిందని ఏప్రిల్ 14న ఫోను చేశాడు. రోజుకు మూడు, నాలుగు వందల కట్టలు, కట్టకు 30 రూపాయలు. డీజిలు, సుతిలి తాడు, డ్రైవరు కూలి తీసేస్తే ఎంత మిగులుతుందో, బ్యాంకు కిస్తీ ఎంతో ఆయనే విడమరిచి చెప్పాడు. మా దగ్గర స్పేరు గేర్‌బాక్సు లేదు. కానీ అసెంబ్లీ లైను పక్కన చెక్కపెట్టెల్లో పదకొండు ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు ఎలా తెలిసిందో గానీ, రెండోసారి ఫోను చేసినప్పుడు నన్ను అడిగాడు: "మేడం, కొత్త బండ్లు లారీ ఎక్కుతున్నాయని డీలరు చెప్పాడు. అందులో ఒకదాని గేర్‌బాక్సు ఊడదీసి నాకు పంపలేరా?"

ఆ ప్రశ్ననే తీసుకెళ్ళి ప్రొడక్షన్ మేనేజరు గారిని అడిగాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "అమ్మేసిన బండి కోసం అమ్మాల్సిన బండిని ఆపమంటారా?" అన్నారు.

ఆయన మీద కోపం వచ్చిన మాట నిజమే. కానీ ఆ నెలలో ఎన్ని బండ్లు గేటు దాటాయన్న అంకె మీదే ఆయన ఉద్యోగం నడుస్తుంది. ఆగిపోయిన బండ్ల లెక్క ఎవరి ఉద్యోగానికీ సంబంధించినది కాదు. తర్వాతి ఆరు నెలల్లో నేను పడిన పాట్లన్నిటికీ మూలం ఇదే. స్టాకు చాలకపోవడం దాని తర్వాతి మాట.

మే 2న గేర్‌బాక్సు వెళ్ళింది. మెకానిక్‌తోపాటు నేనూ వెళ్ళాను, ఆ రైతు ముఖం చూడకుండా ఊరుకోవడం బాగుండదనిపించి. అప్పటికి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గడ్డి పని అయిపోయింది. ఆయన అరవలేదు. చింతచెట్టు కింద మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించి, "ఇక వానాకాలమే కదమ్మా" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

మెకానిక్ పాత గేర్‌బాక్సు విప్పి, ట్రాక్టరు నుంచి బేలర్‌కు శక్తి అందించే పీటీఓ షాఫ్టు దగ్గర ఉన్న బోల్టును తుడిచి నా చేతిలో పెట్టాడు. తల మీద 10.9 అని అచ్చు ఉంది, అంటే బాగా గట్టి రకం. అక్కడ ఉండాల్సింది షీర్ బోల్టు, అంటే కావాలని మెత్తగా చేసిన బోల్టు. గడ్డి ముద్దగా అడ్డం పడి రోలర్లు బిగుసుకున్నప్పుడు ముందు ఆ బోల్టు తెగిపోవాలి, వెనకాల గేర్లు బతకాలి. దాని వెల 15 రూపాయలు. బండితోపాటు మేము రెండు ఇస్తాం. అవి మొదటి వారంలోనే తెగిపోయాయట. డీలరు దగ్గర లేవు. ఊళ్ళో హార్డ్‌వేర్ దుకాణంవాడు "ఇది ఉక్కు, ఇక తెగదు" అని ఆ 10.9 బోల్టు ఇచ్చాడు. అతను చెప్పింది నిజమే, అది తెగలేదు. 38,000 రూపాయల గేర్‌బాక్సు పగిలింది. కంపెనీ బోల్టు వాడలేదు కాబట్టి వారంటీ వర్తించదని ఫారం మీద రాయాల్సింది నేనే. రాయలేదు. సగం ధర కంపెనీ భరించేలా ఎండీ గారిని ఒప్పించడానికి చాలా రోజులు పట్టింది. బహుశా ఆ గొడవ వల్లే జూన్‌లో ఈ పని నాకు వచ్చింది.

మొదటి నెలంతా జాబితాతోనే సరిపోయింది. బండి కట్టడానికి కావాల్సిన సామాను జాబితా ప్రొడక్షన్ వాళ్ళ దగ్గర ఉంది. కానీ బండి కట్టడానికి కావాల్సినవి వేరు, బండి చెడితే కావాల్సినవి వేరు. వాళ్ళ లెక్కలో "పికప్ అసెంబ్లీ", అంటే నేల మీది గడ్డిని ఎత్తే భాగం, ఒక్కటే వస్తువు. రైతుకు కావాల్సింది అందులోని ఒక స్ప్రింగు పన్ను. దానికి నంబరే లేదు. స్టోర్స్ పెద్దాయన ఇరవై ఏళ్ళుగా కళ్ళతో చూసి ఇచ్చేస్తున్నారు. ఆయన సెలవు పెట్టిన రోజు విడిభాగాలకూ సెలవే.

అంతకన్నా చికాకు పెట్టినది పాత బండ్ల సంగతి. 2021 దాకా కట్టిన బండ్లలో మెయిన్ డ్రైవ్ గొలుసు 5/8 అంగుళాలది, ఆ తర్వాత 3/4 అంగుళాలది. గొలుసు మారితే దాన్ని తిప్పే పళ్ళ చక్రం, అంటే స్ప్రాకెట్ కూడా మారాలి. ఏ సీరియల్ నంబరు దగ్గర మారిందో ఎక్కడా రాసి లేదు. కొనుగోలు బిల్లుల తేదీలు, బండ్లు బయటికి వెళ్ళిన తేదీలు పక్కపక్కన పెట్టి ఊహించాను. తర్వాత డీలర్లకు ఫోను చేసి, షెడ్లలో ఉన్న బండ్ల గొలుసుకు స్కేలు పెట్టి ఫొటో పంపమన్నాను. కొందరు పంపారు. ఒకాయన గొలుసు పక్కన అగ్గిపెట్టె పెట్టి పంపాడు. అదీ పనికొచ్చింది.

బండ్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడం ఇంకో పెద్ద తతంగం. వారంటీ కార్డుల్లో సగం ఖాళీ. డీలర్లను రైతుల నంబర్లు అడిగితే అనుమానంగా చూశారు, కంపెనీ నేరుగా అమ్ముకుంటుందేమోనని. అది వాళ్ళ తప్పు కాదు, కొన్ని కంపెనీలు అలాగే చేస్తాయి. చివరికి దారి చూపింది సుతిలి తాడు. తాడు లేకుండా బేలర్ నడవదు. తాడు ఎవరు, ఏ నెలలో, ఎన్ని బస్తాలు కొన్నారో చెబితే చాలు, పేర్లు అక్కర్లేదన్నాను. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఏ మండలంలో ఎన్ని బండ్లు నిజంగా తిరుగుతున్నాయో, ఏవి షెడ్డులో పడుకున్నాయో ఆ తాడు లెక్కలోనే తేలింది.

అందులోనే ఇంకో విషయం కనిపించింది. బండ్లు ఒకచోట ఉండవు. వానాకాలం కోతలు నిజామాబాద్ వైపు బోధన్, బాన్సువాడల్లో ముందు మొదలవుతాయి. తర్వాత కరీంనగర్, ఆ తర్వాత నల్గొండ, ఖమ్మం. డెల్టాలో ఇంకా ఆలస్యం. కొందరు బండి యజమానులు కోతల వెంట ట్రాక్టరు తోలుకుంటూ ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు పోతారు. బోధన్ డీలరు దగ్గర పోసిన స్టాకు నవంబరు ఆఖరుకు ఎవరికీ అక్కర్లేని ఇనుము. అదే సమయానికి మిర్యాలగూడలో అదే బేరింగు కోసం వెతుకులాట. ప్రతి డీలరు దగ్గరా కొంచెం కొంచెం పెట్టాలన్న మొదటి ఆలోచన అక్కడితో మానుకున్నాను.

ఏ భాగం ఎన్ని కావాలన్న లెక్కకు వస్తే, మా అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ట్యాలీలో మూడేళ్ళ బిల్లులు ఉన్నాయి. వాటిని చూసి ఎవరైనా మోసపోతారు. గేర్‌బాక్సు వరుస ఇలా ఉంది: సున్నా, సున్నా, సున్నా, నాలుగు, సున్నా, సున్నా. సగటు తీస్తే నెలకు ఒకటి కూడా లేదు. పుణేలో కార్ల విడిభాగాల గోదాములో పనిచేసే మా తమ్ముడికి చూపించాను. "అక్కా, ఇలాంటివాటికి సగటు తీయకూడదు" అని, క్రాస్టన్ అనే ఆయన 1972లో చెప్పిన పద్ధతి వివరించాడు. ఎన్నాళ్ళకొకసారి అడుగుతున్నారు, అడిగినప్పుడు ఎన్ని అడుగుతున్నారు, ఈ రెండూ వేరువేరుగా అంచనా వేయాలట. బాగుంది. కానీ మాకు అంతకంటే ముందున్న చిక్కు వేరు. బిల్లుల్లో ఉన్నది అమ్మినదే. "లేదు" అని చెప్పి ఫోను పెట్టేసినవి ఏ కంప్యూటర్‌లోనూ లేవు. అవి నా సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, అన్నం తినకుండా రాసిన గీతల్లో. ఏప్రిల్, మే నెలల పేజీలు తిరగేస్తే, బిల్లుల ప్రకారం ఒక్కటీ అమ్ముడుపోని తాడు కోసే కత్తి కోసం వరుసగా ఫోన్లు వచ్చాయి. లేదు కాబట్టి అమ్మలేదు, అమ్మలేదు కాబట్టి తెప్పించలేదు. కొన్నేళ్ళుగా ఇదే నడుస్తోంది.

తమ్ముడు చెప్పినవాటిలో బాగా పనికొచ్చింది ఇంకొకటి. సరుకును ధర లెక్కన ఏబీసీ అని మూడు తరగతులుగా విడదీయడం అందరికీ తెలుసు. దాంతోపాటు అవసరం లెక్కన కూడా విడదీయాలి: లేకపోతే బండి ఆగిపోయేవి, లేకపోయినా కుంటుతూ నడిచేవి, ఉన్నా లేకపోయినా ఒకటే అనిపించేవి. షీర్ బోల్టు ధర లెక్కలో అట్టడుగున, అవసరం లెక్కలో అన్నిటికన్నా పైన. ఇలాంటి చౌక సరుకు మా జాబితాలో చాలానే తేలింది. వాటిని కొలిచి తెప్పించాల్సిన పనిలేదు, బస్తాలతో పోసి పెట్టుకోవచ్చు. అన్నిటికీ కలిపి ఒక లక్ష కూడా కాలేదు. ఆలోచన అవసరమైనది గేర్‌బాక్సులు, రోలర్లు, హైడ్రాలిక్ సిలిండర్ల దగ్గరే.

జూలై 9న ఎండీ గారి ముందు 18 లక్షల అంచనా పెట్టాను. 11 లక్షలు ఇస్తానన్నారు. దాని మీద నేను పెద్దగా పోట్లాడలేదు. పోట్లాడింది తాళం కోసం. విడిభాగాలకు వేరే గది, వేరే తాళం, వేరే కొనుగోలు ఆర్డరు ఉండాలని, అసెంబ్లీ లైనులో ఎంత అత్యవసరమైనా నా సంతకం లేకుండా అందులోంచి ఏదీ బయటికి వెళ్ళకూడదని అడిగాను. ప్రొడక్షన్ మేనేజరు గారు నవ్వి, "ఒకే కప్పు కింద రెండు దేశాలా?" అన్నారు. గంటన్నర వాదన తర్వాత, తాళంచెవి నా దగ్గర, రెండోది ఎండీ గారి దగ్గర ఉండేలా తేలింది. తాళం పెట్టిన మూడో వారంలోనే లైనుకు రెండు బేరింగులు కావాలని మనిషి వచ్చాడు. ఇవ్వలేదు. ఆ సాయంత్రం క్యాంటీనులో నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు.

బేరింగుల దగ్గర ఇంకో రగడ జరిగింది. మేము వాడేవి ఏ పట్టణంలోనైనా దొరికే సాధారణ బేరింగులే. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ దుకాణంలో అడిగినా ఇస్తారు. కానీ మా జాబితాలో వాటికి సొంత నంబరు పెట్టి, అసలు నంబరు దాచి, ఎక్కువ ధరకు అమ్ముతున్నాం. ఆ అసలు నంబర్లు, గొలుసు సైజులు మాన్యువల్లో అచ్చు వేద్దామన్నాను. లాభం పోతుందని ఎండీ గారి అభ్యంతరం. సీజనులో బేరింగు కోసం వచ్చే ఫోన్లు ఎన్నో రిజిస్టరు తీసి చూపించాను. పైగా వ్యవసాయ యంత్రాలు ఇప్పుడు రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువును బాగు చేయించుకునే హక్కు, దాని పరిధిలో చూసే రంగాల్లో ఒకటి. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దానికి పోర్టల్ తెచ్చినప్పుడు మొబైళ్ళు, గృహోపకరణాలు, వాహనాలతోపాటు వీటినీ చేర్చింది. ఇవాళ కాకపోతే రేపైనా చెప్పాల్సిందే కదా అన్నాను. ఆయన ఒప్పుకున్నది పోర్టల్ మాటకు కాదనుకుంటాను, ఫోన్ల లెక్కకు. మా సొంత డ్రాయింగుతో చేసే రోలర్లు, కత్తులు, గేర్‌బాక్సులు మాత్రం మేమే ఇవ్వాలి. వాటి మీదే డబ్బు పెట్టాం.

గేర్‌బాక్సులు రాజ్‌కోట్ నుంచి వస్తాయి. జూలై 21న ఆర్డరు పెట్టాను. పోత, మెషినింగ్, గేర్లకు గట్టిదనం ఎక్కించడం, అన్నీ కలిపి పది వారాలన్నారు. ఆగస్టు మధ్యలో పని ఎంతవరకు వచ్చిందో అడుగుదామని ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. రెండు రోజులు నిజంగానే కంగారు పడ్డాను, అడ్వాన్సు కూడా పంపి ఉన్నాను కదా. తర్వాత తెలిసింది, సౌరాష్ట్రలో జన్మాష్టమికి వర్క్‌షాపులన్నీ మూస్తారు. ఒక రోజు సెలవు కాదు, దాదాపు వారం. మళ్ళీ దీపావళికి మూస్తే లాభ పంచమి దాకా తెరవరు. 2025లో దీపావళి అక్టోబరు 20న, లాభ పంచమి 26న. అంటే మాకు కోతలు ముదిరే సమయానికి అక్కడ తాళాలు. అప్పటి నుంచి సరఫరాదారుల పండుగల క్యాలెండరు నా బల్ల మీద ఉంటుంది. లూథియానాకు ఒకటి, రాజ్‌కోట్‌కు ఒకటి.

డీలర్లకు సీజను ముందు ఆర్డరు ఇస్తే 8 శాతం తగ్గింపు, మిగిలిన సరుకు పెట్టె విప్పకపోతే జనవరిలో వాపసు అని ఆగస్టు 11న ఉత్తరం పంపాను. మొదటి మూడు రోజులు బాగానే ఆర్డర్లు వచ్చాయి. ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి దీపావళికల్లా జీఎస్టీ తగ్గుతుందని ప్రకటించారు. ఆర్డర్లు ఆగిపోయాయి. ఎవరినడిగినా ఒకటే సమాధానం: "12 శాతం కట్టి ఇప్పుడెందుకు తీసుకోవాలి మేడం? ఆగుదాం." సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో కోత, నూర్పిడి యంత్రాలు, గడ్డి బేలర్లు, వాటి భాగాలు 5 శాతానికి వచ్చాయి. అమలు 22 నుంచి. ఆ మధ్య వారాల్లో మా గది నిండా సరుకు, బ్యాంకులో వడ్డీ, డీలర్ల దగ్గర ఖాళీ అరలు. 22 దాటగానే అందరూ ఒక్కసారి అడిగారు. అప్పటికే బతుకమ్మ మొదలైంది, అక్టోబరు 2న దసరా, ప్యాకింగు చేసేవాళ్ళలో సగం మంది ఊళ్ళకు వెళ్ళారు. నేనూ, స్టోర్స్ పెద్దాయనా, మా డ్రైవరూ కలిసి రాత్రుళ్ళు పెట్టెలు కట్టాం. ఇంకో చిక్కు: బేరింగు విడిగా అమ్మితే దాని పన్ను తగ్గలేదు, పాత 18 శాతమే. ఒకే బిల్లులో రెండు రేట్లు ఎందుకున్నాయని ఒక్కో డీలరుకూ వివరించేసరికి నోరు నొప్పి పుట్టింది.

ఆ పెట్టెల్లో ముఖ్యమైనది మేము "సీజను పెట్టె" అని పేరు పెట్టినది. షీర్ బోల్టులు 20, గొలుసు జాయింటు లింకులు, పికప్ పళ్ళు, తాడు కోసే కత్తి, రెండు ఆయిల్ సీళ్ళు, ఒక బేరింగు. మూత లోపల ఏది ఎక్కడ పడుతుందో బొమ్మ, దాని కింద ఎర్ర అక్షరాల్లో "ఇక్కడ వేరే బోల్టు వేయవద్దు". ధర 2,900 రూపాయలు. బండికి మూడున్నర లక్షలు పోసిన రైతు ఈ పెట్టె దగ్గర బేరమాడతాడు, అది సహజమే. కొత్త బండి ధరలోనే దీన్ని కలిపేద్దామని అడిగాను. ఎండీ గారు ఒప్పుకోలేదు. పక్క కంపెనీ ధర కన్నా మూడు వేలు ఎక్కువ కనిపిస్తుందన్నారు. ఇప్పటికీ ఆ విషయంలో ఆయనది పొరపాటనే అనుకుంటున్నాను.

అక్టోబరు మొదట్లో షెడ్లలోంచి బండ్లు తీయగానే వచ్చిన ఫోన్లు నా జాబితాలో దేనికీ సంబంధించినవి కావు. వైర్లు. నాలుగు నెలలు మూల పడి ఉన్న బండ్లలో కట్ట పూర్తయిందని చెప్పే హారను, తాడు వదిలే మోటారు వైరింగును ఎలుకలు కొరికేశాయి. బండి పని చేస్తున్నప్పుడు ఏం పాడవుతుందో రిజిస్టరులో ఉంది గానీ, ఖాళీగా ఉన్నప్పుడు ఏం పాడవుతుందో అందులో ఎక్కడుంటుంది? వైరింగు కట్టలు స్థానికంగా నాలుగు రోజుల్లో చేయించాం. ఆ నాలుగు రోజులూ మా మెకానిక్‌లు ఫోనులో రైతులకు తీగలు ఎలా అతకాలో చెబుతూ గడిపారు.

నిజామాబాద్ వైపు కోతలు బాగానే నడిచాయి. గేర్‌బాక్సులు అక్టోబరు 9న, దీపావళి తాళాలకు ముందే చేరాయి. నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది. అంతలో అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను కోస్తాలో తీరం దాటింది. మర్నాడు వరంగల్, హనుమకొండలు నీళ్ళలో ఉన్నాయి. కోతకు వచ్చిన వరి పడిపోయింది, పొలాల్లోకి యంత్రాలు దిగే దారి లేదు. వారం, పది రోజులు ఫోను మోగలేదు. ఏప్రిల్‌లో ఫోను మోగితే భయపడిన నేను అప్పుడు మోగకపోతే భయపడ్డాను. నేను గీసుకున్న కోతల వరుస, ముందు ఒక జిల్లా, తర్వాత ఇంకొకటి, మొత్తం చెరిగిపోయింది. నేల ఆరగానే కరీంనగర్, వరంగల్, నల్గొండ, ఖమ్మం ఒకేసారి పొలాల్లోకి దిగాయి.

గడ్డి తడి. తడి గడ్డి రోలర్లకు చుట్టుకుంటుంది, మట్టితో సహా లోపలికి వస్తుంది. షీర్ బోల్టులు పుల్లల్లా తెగాయి. పెట్టెలో ఇరవై ఇస్తే మూడు రోజుల్లో అయిపోయాయని ఫోన్లు. ఈసారి డ్రాయింగు, ఉక్కు రకం అన్నీ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి బాలానగర్‌లో ఒక లేతు షాపుతో రెండు రోజుల్లో 2,000 చేయించాం. నల్గొండ వైపు వెళ్ళేవి ఎంజీబీఎస్ బస్టాండులో, కరీంనగర్ వైపువి జేబీఎస్ బస్టాండులో సాయంత్రం ఆర్టీసీ కార్గోకు ఇచ్చేవాళ్ళం. పొద్దున్నే డీలరు బస్టాండుకు వెళ్ళి తెచ్చుకునేవాడు. బస్సు ఛార్జీ కంటే బోల్టుల ధర తక్కువైన పార్సిళ్ళు చాలా ఉన్నాయి. ఆ రసీదులు చూసి అకౌంట్స్ వాళ్ళు నన్ను పిలిచి అడిగారు. నా దగ్గర ఏప్రిల్ నాటి 10.9 బోల్టు ఉంది. అది బల్ల మీద పెట్టాను.

డిసెంబరు నెలాఖరుకు లెక్క చూస్తే, గేర్‌బాక్సు కోసం ఎవరూ నాలుగు రోజులకు మించి ఎదురుచూడలేదు. పగిలినవి కూడా యాసంగిలో కన్నా తక్కువే. అది బోల్టుల పుణ్యమా, మాన్యువల్ పుణ్యమా చెప్పలేను. రోలర్లు మాత్రం ఒక సైజు అయిపోయి ఇద్దరు రైతులు రెండు వారాలు ఆగారు. వాళ్ళలో ఒకాయన డీలరు దుకాణంలో కూర్చుని మా కంపెనీని తిట్టిన తిట్లు వీడియో తీసి పంపారు. చివరిదాకా చూశాను. ఎండీ గారికీ పంపాను.

ఇప్పుడు గదిలో దాదాపు 4 లక్షల సరుకు మిగిలి ఉంది. అందులో 5/8 అంగుళాల గొలుసు స్ప్రాకెట్లు ఎక్కువ. "కొన్నావు, ఎవరూ అడగలేదు కదా" అని సమీక్షలో అన్నారు. ఆ పాత బండ్లలో చాలావరకు ఈసారి నడవనేలేదని తాడు లెక్క చెబుతోంది. కొన్ని తుక్కు కింద పోయి ఉంటాయి, కొన్ని వచ్చే యాసంగికి లేస్తాయి. డీలర్లు జనవరిలో వాపసు పంపేవి కూడా వచ్చి చేరితే గది చాలదు. బోధన్‌లో మిగిలినవి నేరుగా మిర్యాలగూడకు మార్పించే ఏర్పాటు చేస్తున్నాను. డీలరు నుంచి డీలరుకు సరుకు పోతే బిల్లు ఎవరు ఎవరికి కొట్టాలో మా ఆడిటరు గారు ఇంకా తేల్చలేదు.

ఈ వారం నా బల్ల మీద ఉన్న పెద్ద పని ఇంకొకటి. 2021కి ముందు బండ్లలో వాడిన గేర్‌బాక్సు రకం వేరు. రాజ్‌కోట్‌వాళ్ళు దాని పోత నమూనా అరిగిపోయిందని, కొత్తది చేయించే ఉద్దేశం లేదని, కావాలంటే చివరిసారిగా ఒక ఆర్డరు తీసుకుంటామని రాశారు. ఆ తర్వాత ఆ రకం ఇక దొరకదు. ఆ కాలపు బండ్లు 212 అమ్మాం. ఇంకా తిరుగుతున్నట్టు నాకు ఆధారం దొరికినవి 140 పైచిలుకు. ఇంకో ఆరేళ్ళు ఇవి పొలంలో ఉంటాయనుకుని 24 కావాలని లెక్క వేశాను. ఎండీ గారు 10 చాలంటున్నారు. ఉత్తరాయణానికి వాళ్ళు మళ్ళీ షాపు మూసి పతంగులు ఎగరేస్తారు కాబట్టి, జనవరి 10లోగా చెప్పాలి.